సిరొంచ పిల్లలతో నాగ్‌పూర్ అజబ్ బంగ్లాకు పోయే ముందు

మీరు అడిగింది ఇది: సొంతూరు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ దగ్గర, ఉండేది బల్లార్‌పూర్‌లో, పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి, ఇద్దరిదీ మరాఠీ మీడియం. వేసవి సెలవుల్లో మీ అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని నాగ్‌పూర్ సెంట్రల్ మ్యూజియం, అదే అజబ్ బంగ్లా, చూపిద్దామనుకుంటున్నారు. కానీ పోయొచ్చిన చుట్టాలు "అన్నీ పాత రాళ్లు, కదలని జంతువులు, అరగంటలో బయటికొచ్చాం" అన్నారు. అందుకని పోవాలా వద్దా, పోతే ఎంతసేపు పడుతుంది, ఏం చూపించాలి అని అడుగుతున్నారు. నేను చంద్రపూర్ జిల్లాలోనే చాలా ఏళ్లు సైన్స్ టీచర్‌గా చేశాను. పిల్లల్ని మ్యూజియాలకు, శిలాజాలు దొరికిన చోట్లకు తీసుకుపోవడం నాకు ఆ ఉద్యోగంలో అన్నిటికంటే ఇష్టమైన పని, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

తప్పకుండా పోండి. కానీ వేసవిలో వద్దు, ఆదివారం వద్దు, ముఖ్యంగా నాగ్‌పూర్‌తో మొదలుపెట్టొద్దు. ముందు మీ సొంతూరికి పోయి అక్కడి నుంచి వడదం ఫాసిల్ పార్క్ చూడండి, తర్వాత నాగ్‌పూర్, ఆ తర్వాతి సెలవుల్లో వీలైతే హైదరాబాద్. ఈ వరుస ఎందుకో చెప్తే మీ చుట్టాలకు అరగంటలోనే ఎందుకు విసుగొచ్చిందో కూడా తెలిసిపోతుంది.

మ్యూజియంలో వస్తువు పక్కన ఒక చీటీ ఉంటుంది. అందులో సాధారణంగా పేరు, కాలం, దొరికిన చోటు రాసి ఉంటాయి. మనవాళ్లు చేసే పని ఏంటంటే పేరు చదువుతారు, పిల్లలకు గట్టిగా వినిపిస్తారు, పక్క అద్దాల బీరువా దగ్గరికి నడుస్తారు. నోరు తిరగని ఒక లాటిన్ పేరు విన్న రెండో తరగతి పిల్లవాడు దాంతో ఏం చేసుకుంటాడు? అదే చీటీలో ఊరి పేరు ముందు చదవండి. "ఇది మన నది ఒడ్డున దొరికిందట" అంటే వాడు ఆగుతాడు, ఎక్కడ, ఎవరికి, ఎలా అని అడుగుతాడు. నా అనుభవంలో మ్యూజియం పిల్లలకు ఎక్కేదీ ఎక్కనిదీ ఈ ఒక్క అలవాటు మీదే ఆధారపడి ఉంటుంది. అయితే ఊరి పేరు వినగానే వాడి కళ్లముందు ఏదో ఒకటి కదలాలి కదా, అందుకే ముందు ఆ నేల మీద కాలు పెట్టించి తర్వాత అద్దాల వెనక వస్తువు చూపించమంటున్నాను.

మీ అదృష్టం ఏంటంటే ఆ నేల మీ సొంతూరిదే. సిరొంచ చుట్టుపక్కల ప్రాణహిత-గోదావరి లోయ దేశంలోకెల్లా పేరున్న శిలాజ ప్రాంతాల్లో ఒకటి. ప్రాణహిత ఒడ్డున కోట అనే చిన్న ఊరు ఉంది, మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. ఆ ఊరి పేరుతోనే అక్కడి రాతి పొరలను ప్రపంచమంతా 'కోట ఫార్మేషన్' అంటారు. వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు. అక్కడి సున్నపురాయిలో దొరికిన చేప గురించి 1851లోనే లండన్‌లో అచ్చయింది, దానికి పెట్టిన పేరు లెపిడోటస్ దక్కనెన్సిస్. పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, దాని పొలుసు మాత్రం పిల్లలకు ఎక్కడైనా చూపించే అవకాశం వస్తే వదలొద్దు. మనం వండుకునే చేపల పొలుసులు పలచగా, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఇవి అలా కాదు, డైమండ్ ఆకారంలో, మందంగా, మన పంటి మీది ఎనామెల్ లాంటి గట్టి మెరుపుతో, గచ్చు మీద టైల్స్ పేర్చినట్టు అంచుకు అంచు తగిలి వరుసగా ఉంటాయి. అంత గట్టివి కాబట్టే మెత్తని కండంతా పోయినా పొలుసుల వరుస మాత్రం రాయిలో చెక్కుచెదరకుండా మిగిలింది, ఇన్ని కోట్ల ఏళ్ల తర్వాత కూడా వెలుతురుకు అటూ ఇటూ తిప్పితే తళుక్కుమంటుంది.

వడదం దగ్గర అటవీ శాఖ వాళ్ల ఫాసిల్ పార్క్ ఉంది. అక్కడ రాయిగా మారిన చెట్టు మొద్దులు చూస్తారు. దూరం నుంచి చూస్తే ఎవరో కొట్టి పడేసిన దుంగ అనే అనుకుంటారు, దగ్గరికి పోయి చెయ్యి పెడితే చల్లగా, బరువుగా, పూర్తిగా రాయి. పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టి నిదానంగా చూడనివ్వండి: బెరడు గీతలు ఎటు పోతున్నాయి, అడ్డంగా విరిగిన చోట వలయాలు కనిపిస్తున్నాయా, కొమ్మ మొలిచిన ముడి ఎక్కడుంది. ఇది ఎలా జరిగిందని పాప అడుగుతుంది. చెట్టు కూలి ఇసుకలోనో బురదలోనో పూర్తిగా కప్పుకుపోతే గాలి తగలక త్వరగా కుళ్లదు, భూమి లోపలి నీళ్లలో కరిగి ఉన్న సిలికా ఆ చెక్కలోని సన్నటి కణాల్లోకి దిగి అక్కడే గడ్డకడుతుంది, అలా ఎంతో కాలం సాగితే చెక్క పోయి చెక్క రూపం మాత్రం రాయిలో నిలిచిపోతుంది. ఏడో తరగతి పిల్లకు ఇంత చాలు. చిన్నవాడికి "చెట్టు నీళ్లతో పాటు రాయిని తాగింది" అనండి, వాడు మర్చిపోడు.

ఇక పెద్ద సంగతి. ఈ లోయలోనే పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, ఇది ప్రాణహిత వైపు ఊరు) 1958 నుంచి 1961 వరకు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వితే దాదాపు 300 ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు డైనోసార్లవి, పెద్ద పెద్ద చెట్టు మొద్దులతో కలిసిపోయి ఉన్నాయి. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే నిలబెడితే మీ ఇంట్లో పెద్దవాళ్ల ఎత్తు. 1975లో దానికి బరపాసారస్ టాగోరి అని పేరు పెట్టారు, తవ్వకాల చివరి ఏడాది ఠాగూర్ శతజయంతి కావడంతో ఆయన పేరు కలిపారు. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలోనే నిలబడి ఉంది. రెండోది కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పేరులోనే మీ కోట, ఈ లోయలోని యామన్‌పల్లి రెండూ ఉన్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు తవ్వి తీశారు, పి. యాదగిరి 1988లో శాస్త్రీయంగా వర్ణించారు. అది హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. మన ప్రాంతం నుంచి పోయిన ఈ రెండు పెద్ద జంతువుల్లో ఏదీ నాగ్‌పూర్‌లో లేదు. ఆ ఆశతో నాగ్‌పూర్ తీసుకుపోతే బాబు డీలా పడిపోతాడు, ఈ మాట ముందే చెప్పండి.

హైదరాబాద్ పోయినప్పుడు కోటాసారస్ ముందు నిలబడి పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఇందులో అసలుది ఏది, చేసి పెట్టింది ఏది?" తవ్వకంలో 12 జంతువుల దాకా ఎముకలు దొరికాయి గానీ రెండు పళ్లు తప్ప తల భాగం దొరకలేదు. అంటే మీరు చూసే తల ఇతర డైనోసార్లను చూసి ఊహించి చేసినదే. బరపాసారస్‌దీ అదే కథ, పళ్లు దొరికాయి గానీ పుర్రె లేదు. ఈ రకం జంతువులకు ఒళ్లు ఎంత పెద్దదైనా తల చిన్నది, ఎముకలు పలచన, మెడ నుంచి తొందరగా ఊడి నీళ్లకు కొట్టుకుపోతుంది. తల లేదని చెప్తే పిల్లలు నిరాశపడతారేమో అనుకుంటారు చాలామంది, కానీ నేను చూసినంతలో అది చెప్పాకే వాళ్ల ఆసక్తి పెరుగుతుంది, "అయితే తల ఇంకా మన ఊరి దగ్గర భూమిలోనే ఉందా" అని అడుగుతారు. ఉండొచ్చు మరి!

సరే, వడదం చూశారు, ఇప్పుడు నాగ్‌పూర్. మీరు బల్లార్‌పూర్‌లో ఉంటారు కాబట్టి పొద్దున మీ ఊరి స్టేషన్ బల్లార్షాలో రైలెక్కితే మూడు గంటలు అటూ ఇటూగా నాగ్‌పూర్‌లో దిగుతారు, సాయంత్రం బండికి వెనక్కి రావచ్చు. ఈ మూడు గంటలూ పిల్లలు ఫోన్ చూస్తూ కూర్చుంటే దండగే, ఎందుకంటే ఆ దారంతా మ్యూజియమే. మీ ఊరి బొగ్గు సంగతే తీసుకోండి. లారీలు, వ్యాగన్లు రోజూ చూస్తూ పెరిగిన పిల్లలు ఆ బొగ్గు ఒకప్పుడు ఆకులూ చెట్లే అని పుస్తకంలో చదివారు గానీ మన ఊరి బొగ్గుకే ఆ మాట వర్తిస్తుందని అనుకుని ఉండరు. మన గోండ్వానా బొగ్గు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి చిత్తడి అడవుల నుంచి తయారైంది. ఆ అడవుల్లో ఎక్కువగా ఉన్న చెట్టు గ్లోసాప్టెరిస్, నాలుక ఆకారం ఆకు, నడిమధ్యన ఈనె, దాని నుంచి రెండు వైపులకూ వల అల్లినట్టు సన్నటి ఈనెలు. బొగ్గు పొరల మధ్య ఉండే పలకరాయిలో ఆ ఆకు అచ్చు పడి ఉంటుంది. అదే ఆకు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో, చివరికి అంటార్కిటికాలో కూడా దొరికింది, ఇవన్నీ ఒకప్పుడు ఒకే భూభాగం అనడానికి పెద్ద సాక్ష్యాల్లో అదొకటి. ఆ భూభాగానికి పెట్టిన పేరు గోండ్వానా, మన గోండుల నేల పేరు. పాపకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

చంద్రపూర్ దాటి వరోరా వస్తుంది కదా, ఆ తాలూకాలోనే పిస్‌దురా అని ఒక ఊరు. అక్కడ చివరి డైనోసార్ల కాలపు పేడ శిలాజాలు దొరుకుతాయి. అవును, రాయిగా మారిన పేడ, ఈ మాట చెప్పగానే రెండో తరగతి పిల్లవాడు మిగతా దారంతా దాని గురించే అడుగుతాడు, సిద్ధంగా ఉండండి. ఆ పేడను పలచగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే అందులో గడ్డి కణాల్లో ఉండే సన్నటి సిలికా రేణువులు కనిపించాయని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. డైనోసార్లు పోయాకే గడ్డి పుట్టిందని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు, ఆ లెక్క పిస్‌దురా పేడతో తారుమారైంది. పైగా అందులో వరికీ వెదురుకీ దగ్గరి చుట్టాలైన రకాలు కూడా ఉన్నాయట! వరి తిని వెదురు అల్లే మన జిల్లాల పిల్లలకు ఇంతకంటే దగ్గరి సంగతి ఏముంటుంది.

నాగ్‌పూర్ మ్యూజియం 1863లో పెట్టారు, రిచర్డ్ టెంపుల్ చీఫ్ కమిషనర్‌గా ఉన్న రోజుల్లో. ఊళ్లో ఆటోవాళ్లకు సెంట్రల్ మ్యూజియం అనకుండా అజబ్ బంగ్లా అనండి, సివిల్ లైన్స్‌లో ఉంటుంది, స్టేషన్‌కు దగ్గరే. సోమవారం సెలవు, ప్రభుత్వ సెలవులు కూడా చూసుకోండి. టికెట్ కౌంటర్‌లో అడగాల్సిన మొదటి మాట "ఈరోజు ఏ ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయి" అని, ఎందుకంటే పాత మ్యూజియాల్లో ఏదో ఒకటి మరమ్మతులో ఉండటం మామూలే. ఫొటోల సంగతి కూడా అక్కడే అడిగేయండి, లోపల గార్డు ఆపితే పిల్లలు బెదిరిపోతారు.

ఎంతసేపు అంటే, రెండు గంటలు. అంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దు. జంతువులు, పక్షులు, శిల్పాలు, శాసనాలు, ఆయుధాలు, గిరిజనుల వస్తువులు ఇలా చాలా విభాగాలున్నాయి, అన్నీ చూడాలని పట్టుబడితే ఏదీ చూడరు. మీ ముగ్గురికీ తలా ఒకటి ఇవ్వండి: బాబుకు జంతువులు, పాపకు శాసనాలో పాత పనిముట్లో, అమ్మగారికి గిరిజన విభాగం. ఎవరి విభాగంలో వాళ్లే మిగతావాళ్లకు చూపించాలి.

అమ్మగారి గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో పెద్దవాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, బ్యాగులు అప్పజెప్పి లోపలికి పోతారు. సరిహద్దు కుటుంబాల్లో ఇది మరీ పొరపాటు. చీటీలు మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి, మీ పిల్లలు చకచకా చదువుతారు, కానీ చదివిన వస్తువు ఏంటో వాళ్లకు తెలియదు. మీ అమ్మగారికి ఆ చీటీ చదవడం రాకపోవచ్చు, కానీ ఆ వస్తువుతో ఏం చేస్తారో, ఎలా పట్టుకుంటారో, ఏ కాలంలో తీస్తారో ఆమెకు తెలుసు. సొరకాయ బుర్ర, వెదురు చేపల బుట్ట, ఇప్పపువ్వు ఏరే గంప, విల్లంబులు, ఇసుర్రాయి, ఇవి ఆ వయసు సిరొంచ మనిషికి మ్యూజియం వస్తువులు కావు. కాబట్టి పాప మరాఠీలో చదివి నాయనమ్మకు తెలుగులో చెప్పాలి, నాయనమ్మ ఆ వస్తువు వాడకం చెప్పాలి, మీరు మధ్యలో మాట్లాడకుండా ఉండాలి. చీటీలో రాసినదానికీ నాయనమ్మ చెప్పినదానికీ తేడా వస్తే ఇంకా మంచిది, పాపను రెండూ రాసుకోమనండి. గోండులు, మాడియాలు వాడే వస్తువులు మన ఇళ్లలోనూ కొంచెం తేడాతో ఉండేవి, ఆ పోలిక ఏ చీటీలోనూ ఉండదు, పక్క పక్క ఊళ్లలో బతికినవాళ్లు చెప్పాల్సిందే.

బాబు విభాగంలో ఒక ఇబ్బంది వస్తుంది. గడ్డి కూర్చిన పులినో చిరుతనో చూసి చాలామంది పిల్లలు "దీన్ని చంపారా" అని అడుగుతారు. దాటవేయొద్దు. పాత మ్యూజియాల్లోని జంతువుల్లో చాలావరకు వేట రోజుల నాటివి, కొన్ని జూలలో చనిపోయినవి, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. పైన ఉన్నది అసలు తోలే, లోపల మాత్రం బొమ్మ చట్రం, కళ్లు గాజువి అని కూడా చెప్పండి, వాడు వెంటనే కళ్లలోకి చూస్తాడు. అక్కడినుంచి మన అడవికి రండి. మహారాష్ట్ర రాష్ట్ర జంతువు షేకరు, ఆ పెద్ద ఉడత, మన గడ్చిరోలి అడవుల్లోనూ ఉంది. సిరొంచ వైపు కోలామార్కా అడవుల్లో అడవి దున్నపోతులు మిగిలి ఉన్నాయి, మహారాష్ట్రలో అవి ఉన్నది అక్కడే. అద్దంలో ఉన్నదాన్ని చూసి ఇంటి పక్కన బతికి ఉన్నది గుర్తొస్తే ఆ విభాగానికి పోయిన పని అయినట్టే.

పాపకు చెప్పడానికి ఒక మంచి కథ ఉంది, గుంగేరియా నిధిది. 1870లో బాలాఘాట్ జిల్లా గుంగేరియాలో పశువులు కాస్తున్న ఇద్దరు పిల్లలకు నేలలోంచి ఇనుపముక్క లాంటిది పొడుచుకొచ్చి కనిపించింది. లాగితే రాగి పనిముట్టు. తవ్వి చూస్తే 424 రాగి వస్తువులు, 102 పలచటి వెండి రేకులు. వెండివాటిలో కొన్ని ఎద్దు తల ఆకారంలో ఉన్నాయి. ఆ నిధి తర్వాత చెల్లాచెదురైంది, కొన్ని లండన్ దాకా పోయాయి, కొన్ని నాగ్‌పూర్ మ్యూజియానికి చేరాయి. పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ ఇక్కడ గమనించాల్సింది రాగీ వెండీ ఒకే గోతిలో కలిసి ఉన్నాయన్న సంగతి. ఆ ఒక్క ముక్క రాసి పెట్టబట్టే అవి రెండూ ఒకే మనుషులవని చెప్పగలుగుతున్నాం. ఎవరైనా వెండి ఒకచోట, రాగి ఒకచోట అమ్ముకుని, ఎక్కడ దొరికిందో చెప్పకుండా ఉంటే అవి వట్టి లోహం ముక్కలయ్యేవి.

స్టీఫెన్ హిస్లాప్ పేరు కూడా నాగ్‌పూర్‌లో వినిపిస్తుంది, ఆయన పేరుతో కాలేజీ ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ, బడి నడుపుతూనే ఈ ప్రాంతమంతా తిరిగి శిలాజాలు సేకరించాడు, గోండుల కథలూ పాటలూ రాసుకున్నాడు. మన లోయలోని మాలేరి రాళ్లలో దొరికిన మొసలి లాంటి జంతువుకు పారాసుకస్ హిస్లోపి అని పేరు ఆయన మీదే. మ్యూజియం పెట్టిన ఆ 1863లోనే, టాకల్‌ఘాట్ దగ్గర పాతకాలపు రాతి వలయాలు చూసి తిరిగొస్తూ పొంగుతున్న వాగు దాటబోయి మునిగి చనిపోయాడు. రాతి వలయాలంటే మన తెలంగాణ వైపు రాకాసి గుళ్లని పిలిచే సమాధుల కోవలోవే, నాగ్‌పూర్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. పారాసుకస్ శిలాజం ఒకదాని కడుపు భాగంలో అది మింగిన ఇంకో జంతువు ఎముకలు కూడా ఉన్నాయి, దానికి మాలెరిసారస్ అని పేరు పెట్టారు. దారిలో బాబు ఏడుపు మొదలుపెడితే ఈ కథ పనికొస్తుంది.

స్థానిక చరిత్ర అంటే ఎక్కడిదో అనుకోవద్దు, మీ ఇంటి భాషదే చెప్పండి. "మనం మహారాష్ట్రలో ఉండి తెలుగు ఎందుకు మాట్లాడతాం" అని బడిలో ఎవరో ఒకరు మీ పిల్లల్ని అడిగే ఉంటారు, సరైన జవాబు వాళ్ల దగ్గర ఉండాలి. సిరొంచ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. 1860లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు గోదావరి వెంబడి అప్పర్ గోదావరి జిల్లా అని ఒకటి చేసి సిరొంచనే దానికి ముఖ్యపట్టణం చేశారు. 1874లో ఆ జిల్లా తీసేసి సిరొంచను చాందా జిల్లాలో కలిపారు, చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. తర్వాత బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా. మీ ముత్తాతలు ఊరు మారలేదు, వాళ్ల మీదుగా గీతలు మారాయి. చంద్రపూర్‌లో దిగే వీలుంటే గోండు రాజుల కోట గోడ, దర్వాజాలు చూపించండి, 1858 అక్టోబర్ 21న ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డ గోండు వీరుడు బాబూరావు షేడ్మాకేను ఉరితీసింది ఆ ఊళ్లోనే అని చెప్పండి. అమ్మగారు అలసిపోయి ఉంటే మాత్రం ఇది ఇంకో రోజుకు వాయిదా వేయండి, బల్లార్‌పూర్ నుంచి ఎంత దూరమని.

వేసవి ఎందుకు వద్దన్నానంటే చంద్రపూర్, నాగ్‌పూర్ ఎండలు మీకు తెలియనివి కావు, మేలో 45 డిగ్రీలు దాటుతుంది, పెద్దామెతో వడదంలో ఎండ రాళ్ల మధ్య నిలబడటం కుదరని పని. వానాకాలంలో ప్రాణహిత, గోదావరి పొంగితే సిరొంచ వైపు రోడ్లు తెగిపోతాయి. కాబట్టి దీపావళి సెలవులు, లేదంటే డిసెంబరు, జనవరి. సిరొంచకు ఎలాగూ పండక్కి పోతారు కదా, అప్పుడే వడదానికి ఒక పూట పెట్టుకోండి, ఎదుటి ఒడ్డున కాళేశ్వరం దర్శనం, రెండు నదులు కలిసే చోటు కూడా అయిపోతాయి. ఎస్టీ బస్సులో (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు) పోతుంటే ఆల్లపల్లి టేకు అడవి మధ్యనుంచి దారి, పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. నాగ్‌పూర్‌కు మాత్రం మామూలు పనిదినం చూసుకుని పోండి. పొద్దున తెరిచే వేళకు లోపలుంటే బడి పిల్లల గుంపులు వచ్చేలోపు మీ పిల్లలకు అద్దం దగ్గర చోటు దొరుకుతుంది. రైలు దిగగానే తర్రీ పోహా, అంటే కారం పులుసు పోసిన అటుకులు, తినిపించండి (చిన్నవాడికి తర్రీ వద్దు, ఘాటెక్కువ), మధ్యాహ్నానికి ఇంటి నుంచి పులిహోరో చపాతీలో పెట్టుకుపోండి. మధ్యాహ్నం తర్వాత పిల్లలకు ఇంకా ఓపిక ఉంటే రామన్ సైన్స్ సెంటర్ ఉంది, అక్కడ ముట్టుకోవచ్చు, తిప్పొచ్చు, నొక్కొచ్చు, రెండు గంటలు చేతులు కట్టుకున్న పిల్లలకు అది హాయిగా ఉంటుంది.

పాపకు ఒక చిన్న నోట్‌బుక్ ఇవ్వండి. అందులో ఆమె రాయాల్సింది ఊళ్ల పేర్లు మాత్రమే: ఏ వస్తువు, ఏ ఊరిది. ఇంటికొచ్చాక మహారాష్ట్ర, తెలంగాణ కలిసి ఉన్న మ్యాప్ ఒకటి గోడకు అంటించి ఆ ఊళ్లకు చుక్కలు పెట్టమనండి, రాష్ట్రాల గీత పట్టించుకోకుండా. ఒక్కో మ్యూజియం చూసినప్పుడల్లా చుక్కలు పెరుగుతాయి.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్తున్నాను. వడదంలో గానీ నది ఒడ్డున గానీ పిల్లలు రాయి ముక్క జేబులో వేసుకుంటారు, పెద్దవాళ్లు కూడా "ఒక్కటే కదా" అని ఊరుకుంటారు. ఫాసిల్ పార్క్ నుంచి ఏదీ తేవొద్దు, అది అటవీ శాఖ కాపాడుతున్న చోటు. శిలాజం విలువ సగానికి పైగా అది ఏ పొరలో, ఏ పక్క, దేనితో కలిసి ఉందన్నదాంట్లోనే ఉంటుంది, ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టిన రోజే ఆ సమాచారం పోతుంది. పార్క్ బయట, పొలంలోనో వాగులోనో అనుమానంగా ఏదైనా కనిపిస్తే కదపకుండా పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, పరిమాణం తెలుస్తుంది. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి, సిరొంచ అటవీ శాఖ ఆఫీసులో చెప్పండి. మీ ఇంట్లో ఇప్పటికే ఎప్పుడో తెచ్చిన ముక్కలుంటే, అమ్మగారికి ఎక్కడివో గుర్తున్నంత వరకు ఇవాళే అడిగి కాగితం మీద రాసి దానికి కట్టండి.

మీరు పోయే నెల, అమ్మగారు మెట్లు ఎక్కగలరా లేదా చెప్తే రైలు, బస్సు ఎలా కలుపుకోవాలో కూడా రాస్తాను.